కొలవకుండా కుట్టిన దుస్తులు

కూడు, గుడ్డ, గూడు అని పెద్దలు మనిషి అవసరాలను మూడు మాటలలో చెప్పారు. ఈ మూడింటిలో కూటిని గురించి, గూటిని గురించి మన కళాశాల సంచికలో వ్యాసాలు వస్తూనే ఉన్నవి. కరవు, ధరలు, అద్దె ఇండ్ల బాధలు, వసతిగృహంలోని పప్పుచారు, దేనినీ మన విద్యార్థులు వదలలేదు. గుడ్డను గురించి వ్రాయడానికి మాత్రం ఎందుకో మనకు బిడియం. విద్యార్థులు దుస్తుల మాట ఎత్తితే షోకు అనుకొంటారేమోనని భయం. ఆ భయాన్ని ఈ ఒక్కసారికి ప్రక్కన పెట్టి, ఈ సంవత్సరం మనకందిన రెడీమేడు యూనిఫారాన్ని గురించి నాలుగు మాటలు వ్రాయదలచాము. మేము వ్రాసేది షోకును గురించి కాదు. నల్లబల్లమీద వ్రాయడానికి చేయి పైకెత్తితే చంకలో పిగిలిపోయే కుట్టును గురించి.

మేము నలుగురము ఒకే బల్లమీద కూర్చుంటాము. నలుగురి కమీజులకూ మెడ వెనుక ఒకే అక్షరం కుట్టి ఉన్నది: 'ఎం'. అంటే మీడియం, నడిమి రకం. మాలో ఒకరు పొట్టి, భుజాలు వెడల్పు. ఆమె కమీజు భుజాల దగ్గర పట్టివేస్తుంది, క్రింద మాత్రం మోకాళ్ళు దాటి పిక్కలమీద వ్రేలాడుతుంది. రెండవ ఆమె పొడవరి. ఆమె చొక్కా చేతులు పొట్టివి, కమీజు అంచు తొడ సగానికే ఆగిపోయినది. మూడవ ఆమెకు కమీజు చక్కగా కుదిరినది గాని సల్వారు నడుము దగ్గర పట్టదు. రెండూ ఒకే సంచిలో, ఒకే అక్షరంతో వచ్చినవి కనుక విడదీసి మార్చుకొనే వీలు లేదు. నాలుగవ ఆమె సన్నగా ఉంటుంది కాబట్టి రెండు ప్రక్కలా పిన్నులు గ్రుచ్చుకొని, ఎవరికీ కనబడకుండా దుపట్టా కప్పుకొని వస్తున్నది. నలుగురము కలిసి ఒక్క మీడియం మనిషిని తయారు చేయలేకపోయాము.

ఈ అక్షరాలు మాకు ఎట్లు సంక్రమించినవో కూడా చెప్పవలసి ఉన్నది. జూన్ నెలలో ఒకనాడు తరగతి జరుగుతూ ఉండగా ఒకరు కాగితం పట్టుకొని వచ్చి, హాజరు పిలిచినట్లు ఒక్కొక్కరి పేరు పిలిచి, "స్మాలా, మీడియమా, లార్జా?" అని అడిగి వ్రాసికొన్నారు. చేతిలో టేపు లేదు, తొడిగి చూచుకోవడానికి నమూనా లేదు. తరగతి అంతా చెవులు రిక్కించి వింటూ ఉండగా "నాకు డబుల్ ఎక్సెల్" అని పలుకడానికి పద్దెనిమిదేళ్ళ పిల్లకు నోరు ఎట్లు వస్తుంది? వెనుక బల్లనుండి నవ్వు వినబడకముందే ఆమె "మీడియం" అంటుంది. మరీ బక్కపలుచగా ఉన్న పిల్లకూ అదే బాధ. ఆమె కూడా "మీడియం" అంటుంది. మా తరగతిలో మీడియములు అంతగా పెరిగిపోవడానికి ఇదే కారణం. తప్పు కుట్టినవారిది కొంత, అడిగిన పద్ధతిది కొంత. మాది కూడా కొంత ఉన్నది; సిగ్గుపడి అబద్ధమాడాము.

దుస్తులు సెప్టెంబరులో వచ్చినవి. మార్చుకొనబోతే సరఫరాదారుని మనిషి, మీరు అడిగిన సైజులే పంపాము గదా అన్నాడు. ఆయన మాటలో అసత్యం లేదు. అప్పటికే పెద్ద సైజులు అయిపోయినవి. పోనీ, విప్పి వదులు చేయించుకొందామని కుట్టు తిరగవేసి చూస్తే లోపల పావు అంగుళానికి మించి బట్ట లేదు. మన అమ్మలు కుట్టించుకొనే జాకెట్టుకు లోపలి వైపు రెండు మూడు కుట్లు వరుసగా వేసి ఇస్తారు. ఒళ్ళు చేస్తే ఒక కుట్టు విప్పుకొంటే చాలు, ఆ జాకెట్టు మరి రెండేళ్ళు నడుస్తుంది. ఇక్కడ విప్పుకోవడానికి ఏమీ మిగల్చలేదు. బిగుతైనవారు బిగుతుగానే ఉండవలెను. వదులైనవారు అదృష్టవంతులు, బిగించుకోవచ్చును, కూలి తమదే.

ఇది చిన్న ఇబ్బంది అని కొట్టివేసేవారికి ఒక సంగతి చెప్పుతాము. మా తరగతిలో ఉర్దూ తక్రీరులో మంచి పేరు సంపాదించిన అమ్మాయి ఒకరు ఉన్నారు. ఆమె మాట్లాడుతూ ఉంటే ఉర్దూ రానివారు కూడా కదలక కూర్చుంటారు. ఆమె మణికట్టు దాకా చేతులున్న దుస్తులే ధరిస్తుంది. అది ఆమె ధర్మం, ఆమె ఇష్టం. ఆమెకు అందిన కమీజు చేతులు మోచేతికి కొంచెం క్రిందనే ఆగిపోయినవి. తరగతిలో నల్లని స్వెట్టరు వేసికొని నెట్టుకొని వచ్చినది. కాని ఇతర కళాశాలలవారితో జరిగే పోటీలో యూనిఫారం తప్ప మరేమీ కనబడరాదని నియమం పెట్టారు. చేతులకు అతుకు వేయించుకొందామని ఆమె, మేము కలిసి రెండు బజారులు తిరిగాము. ఆ రంగు దొరకలేదు. దగ్గరగా ఉన్న రంగు దొరికినది గాని, అతుకు అతుకుగానే కనబడినది. పోటీనాడు ఆమె తలనొప్పి అని సెలవుచీటి పంపినది. ఆ చీటిని నమ్మినవారు మా బల్లమీద ఎవరూ లేరు. కళాశాలకు రావలసిన బహుమతి పోయినదని మేము అనడం లేదు. వచ్చేదో రాదో ఎవరికి తెలియును? ఆమె మాత్రం రాలేదు.

కళాశాల సంఘం పెద్దలు ఇంతవరకు చదివి, పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్లున్నదే అనుకొనవచ్చును. వారి మాటలో న్యాయం లేకపోలేదు. యూనిఫారం ధరలో సగం సంఘమే భరించినది. అంతకుముందు బట్ట ఇచ్చి, మీరే కుట్టించుకోండి అన్న రోజులలో కుట్టుకూలి బట్ట ధరను మించిపోయినదని మొరపెట్టుకొన్నది మన తల్లిదండ్రులే. ఇక దర్జీల సంగతి చెప్పనే అక్కరలేదు. "అంతా అయిపోయినది, కాజాలు మాత్రమే మిగిలినవి, రేపు రండి" అనే వాక్యం వినకుండా పెరిగినవారు మనలో ఎవరైనా ఉన్నారా? రంజాన్ నెల సగం గడిచేసరికి ఇక ఆర్డర్లు తీసికొనము అని అట్ట వ్రేలాడగట్టి, ముందు తీసికొన్నవాటిని చాంద్‌రాత్ అర్ధరాత్రి దాటినా ఇవ్వని దర్జీలను మేము ఎరుగుదుము. ఈద్‌గాహ్‌కు బయలుదేరే వేళకు గుండీలు లేని షేర్వానీ చేతికి వచ్చి, పిన్నులతో నమాజుకు వెళ్ళిన మామయ్యలు మన ఇండ్లలో ఉన్నారు.

రెడీమేడు దుస్తులు చేసిన మేలును కూడా కాదనలేము. రోజుకూలికి వెళ్ళే తండ్రి పండుగకు ముందురోజు సాయంత్రం డబ్బు చేతికందిన తరువాత పత్తర్‌గట్టీకో, మదీనా చౌరస్తాకో వెళ్ళి, నలుగురు పిల్లలకు నాలుగు జతలు ఆ రాత్రికే ఇంటికి తేగలుగుతున్నాడు. దర్జీమీదనే ఆధారపడిన కాలంలో అది సాధ్యమయ్యేది కాదు. కనుక మా తగాదా రెడీమేడుతో కాదు. అడగడమే గాని కొలవడం లేని పద్ధతితో.

ఇంతకూ ఈ దుస్తులు ఎట్లు తయారవుతవో కొంత తెలిసికొంటే మా ఇబ్బంది ఎక్కడ పుట్టినదో తెలుస్తుంది. కర్మాగారంలో మొదట ఏదో ఒక సైజుకు నమూనా కుడతారు. దానిని ఒక మనిషికో, ఒక బొమ్మకో తొడిగి సరిచూస్తారు. తక్కిన సైజులు ఆ నమూనాకు ఇంత కలిపి, ఇంత తీసివేసి, లెక్కమీద గీసినవి. దీనిని వారు గ్రేడింగు అంటారు. ఛాతీకి రెండు అంగుళాలు పెంచితే భుజానికి కొంత, మెడకు కొంత, చేతికి కొంత వరుసగా పెరుగుతూ పోతవి. మనుష్యులు ఇట్లు పెరుగరు. లావైనంత మాత్రాన చేయి సాగదు. పొడవైనంత మాత్రాన భుజం విచ్చుకోదు. నమూనాలు సిద్ధమైన తరువాత బట్టను పొరలు పొరలుగా పరచి, ఎన్నో పొరలను ఒక్కసారే యంత్రపు కత్తితో కోస్తారు. ముక్కలను ఎంత దగ్గరగా ఇరికిస్తే అంత బట్ట మిగులుతుంది. కుట్టు లోపల వదలవలసిన అర అంగుళాన్ని వేల జతలమీద లెక్క వేయండి, థానులకు థానులు తేలుతవి. మాకు కుట్టులో దొరకని బట్ట అక్కడ ఆదా అయినది.

ఈ పని అంతా సగటు మనిషి అనేవారు ఒకరున్నారన్న నమ్మకం మీద జరుగుతున్నది. ఆ సగటు మనిషిని నిజంగా వెదకి చూచినవారు ఉన్నారు. 1950లో అమెరికా వైమానిక దళంవారు, విమానంలో పైలటు కూర్చునే చోటును ఏ కొలతకు కట్టవలెనో తేల్చుకోవడానికి 4,063 మంది పైలట్ల శరీరాలను కొలిపించారు. ఆ పనిలో ఉన్న గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ అధికారికి ఒక సందేహం కలిగినది. ఆయన ఎత్తు, ఛాతీ, చేతి పొడవు మొదలైన 10 కొలతలు ఎంచుకొన్నాడు. ప్రతి కొలతలోను మరీ ఎక్కువ, మరీ తక్కువ కాకుండా నడుమనుండే నూటికి 30 మందిని సగటు అనుకొన్నాడు. పదింటిలోను సగటుగా ఉన్న పైలట్లు ఎందరని లెక్క వేస్తే ఒక్కరు కూడా తేలలేదు. పోనీ, మూడు కొలతలలో సగటైతే చాలునన్నా నూటికి నలుగురు దొరకలేదు. ఆయన నివేదిక 1952లో వెలువడినది. ఆ తరువాత అక్కడివారు సీటుకు తగిన మనిషిని వెదకడం మాని, మనిషిని బట్టి సీటును జరుపుకొనే ఏర్పాటు చేయించారు. వారందరూ వైమానిక దళం ఏరి ఏరి తీసికొన్న యువకులని మరువరాదు. అక్కడే దొరకని సగటు మనిషి మా బల్లమీద నలుగురు ఎట్లు దొరుకుతారు?

స్త్రీల దుస్తుల కొలతలకూ ఇటువంటి చరిత్రే ఉన్నది. 1939-40 సంవత్సరాలలో అమెరికా వ్యవసాయశాఖవారు రూత్ ఓబ్రయన్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో సుమారు 15,000 మంది స్త్రీలను కొలిపించారు. ఒక్కొక్కరికి 50కి పైగా కొలతలు. ఆ లెక్కలు 1941లో అచ్చైనవి. తెల్లజాతివారు కాని స్త్రీల కొలతలను మాత్రం లెక్కలో చేర్చలేదు. ఈ పట్టికల ఆధారంగా అక్కడి ప్రభుత్వం 1958లో ఒక ప్రమాణం ప్రకటించి, 1983లో దానిని ఉపసంహరించుకొన్నది. ఇక ఎవరి మీడియం వారిదే. ఒకరి 'ఎం' మరొకరి 'ఎల్' కావడానికి అడ్డు చెప్పేవారు లేరు. మన దుకాణాలకు ఇటువంటి పరాయి పట్టికలే అటూ ఇటూ సవరించబడి వచ్చినవి. భారతీయులకు స్వంత పట్టిక కావలెనని 2018లో నిఫ్ట్ సంస్థ ద్వారా ఒక సర్వే తలపెట్టారు. ఆరు నగరాలలో 15 నుండి 65 ఏండ్ల వయసు వారిని 25,000 మందిని కొలవవలెనని సంకల్పం. ఆ ఆరింటిలో మన హైదరాబాదు ఒకటి. మంచి సంకల్పమే. పట్టిక మెరుగైతే తప్పులు తగ్గుతవి. అయినా డేనియల్స్ చూపిన చిక్కు ఎక్కడికీ పోదు. టేపు పట్టే పని తప్పదు.

ఆ టేపు పట్టేవాడిని గురించి ఒక మాట చెప్పి అసలు విషయానికి వస్తాము. సూదితో వస్త్రం కుట్టిన మొదటివారు హజ్రత్ ఇద్రీస్ అలైహిస్సలాం అని మనవారిలో పరంపరగా వస్తున్న విశ్వాసం. ఉత్తరాదిలో దర్జీలు ఇద్రీసీలమని చెప్పుకోవడం అందుకే. మన తెలంగాణలో మేరవారూ ఇదే వృత్తి చేస్తారు. ఈ సంచికలో ఉర్దూ పుటలు ఒకవైపు నుండి, తెలుగు పుటలు మరొకవైపు నుండి మొదలై నడుమ కలుసుకొంటవి గదా. ఆ కలయిక దర్జీ దుకాణంలో ఎన్నడో జరిగిపోయినది. దర్జీ, జేబు, అస్తరు, నాడా, పైజామా, ఇవన్నీ ఉర్దూ మీదుగా తెలుగు ఇండ్లకు వచ్చిన మాటలే. కాజా పోర్చుగీసువారిది. కాలరు, కఫ్ ఇంగ్లీషువారివి. వీటి నడుమ తెలుగు మాట ఒకటి దర్జీ దుకాణంలో నిలిచి ఉన్నది. కొలత కోసం ఇంటినుండి తీసికొని వెళ్ళే పాత జాకెట్టును ఆది జాకెట్టు అంటారు. సరిగా కుదిరిన వస్త్రం ఒక్కటి ఉంటే దానిని చూచి ఎన్నైనా కుట్టవచ్చును. కొలిపించుకొనే మనిషి దుకాణానికి రానక్కరలేదు. ఘోషా పాటించే ఇండ్లలో స్త్రీల దుస్తులు ఈ పద్ధతిలోనే కుట్టించేవారు. తమ్ముడో, కొడుకో సంచిలో ఆది పట్టుకొని వెళ్ళేవాడు.

మా విన్నపమంతా ఈ 'ఆది' చుట్టూనే ఉన్నది. వచ్చే సంవత్సరం యూనిఫారానికి ఆర్డరు ఇచ్చే ముందు ప్రతి విద్యార్థిని తనకు చక్కగా కుదిరిన కమీజు ఒకటి, సల్వారు ఒకటి సంచిలో పెట్టుకొని తేవలెను. వాటిని బల్లమీద పరచి భుజం, ఛాతీ, చేతి పొడవు, కమీజు పొడవు, సల్వారు నడుము, సల్వారు పొడవు కొలిచి ఒక పుస్తకంలో వ్రాయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. పేరు వ్రాయనక్కరలేదు, హాజరు సంఖ్య చాలును. ఎవరూ ఎవరి ఎదుట ఏ అక్షరమూ పలుకనక్కరలేదు. ఎవరి ఒంటిమీదా టేపు పెట్టనక్కరలేదు. కుట్టుపని తెలిసిన అమ్మాయిలు మనలో చాలామంది ఉన్నారు. సెలవులలో పది ఇండ్ల జాకెట్లు కుట్టి ఫీజు కట్టుకొనేవారు కూడా ఉన్నారు. కొలిచే పని వారు చేస్తారు, మేము వ్రాస్తాము.

సరఫరాదారునితో సంఘంవారు మాట్లాడవలసినవి కొన్ని ఉన్నవి. అన్ని కొలతలకూ విడివిడిగా కుట్టుమని ఆయనను అడుగలేము, ఆ ధర మనము భరించలేము. కమీజు ఒక సైజు, సల్వారు మరొక సైజు తీసికొనే వీలు మాత్రం ఉండవలెను. ప్రక్క కుట్లలో ఒక్కొక్క అంగుళం బట్ట వదలవలెను. చేతులు మణికట్టు దాకా ఉండవలెను. పొడవైనదానిని మడిచి కుట్టుకొనవచ్చును, పొట్టిదానిని సాగదీయలేము. అదే థానులోని బట్ట కొన్ని మీటర్లు కళాశాలలో ఉంచితే అతుకు కోసం ఎవరూ బజారులు తిరుగవలసిన పని ఉండదు. వీటివలన ధర కొంత పెరుగవచ్చును. ఇప్పుడు సరిచేయించుకొనడానికి మేము విడివిడిగా పెట్టిన డబ్బు ఎవరి లెక్కలోనూ లేదు గాని, అది కూడా ఖర్చే. కళాశాల వెనుక సందులో మిషను పెట్టుకొన్న పెద్దాయన, అందరినీ ఒక్కసారి పంపితే సరిచేసే కూలి తగ్గిస్తానని మాతో అన్నారు. కాజాల విషయంలో కూడా మాట ఇచ్చారు. దానిని మేము అంతగా లెక్కలోకి తీసికొనలేదు.

మేము నలుగురము మొన్న శుక్రవారం ఇంటినుండి ఆదులు తెచ్చి కొలుచుకొని చూచాము. ఛాతీ కొలతలో ఎక్కువ తక్కువల తేడా రెండు అంగుళాలు. చేతి పొడవులో నాలుగు. భుజం వెడల్పులో మా పొట్టి అమ్మాయి పొడవరిని ఒక అంగుళం మించినది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఆ కాగితం ఈ వ్యాసంతోపాటు సంపాదకవర్గానికి అందజేశాము. తక్రీరు అమ్మాయి కొలతలు కూడా అందులో అయిదవ వరుసలో ఉన్నవి, ఆమె అనుమతితోనే. ఆర్డరు మళ్ళీ జూన్ నెలలో ఇస్తారని తెలిసినది. ఏప్రిల్ నెలలో పరీక్షలకు ముందు రెండు రోజులు, లోపల గడియ పెట్టుకొనే తలుపున్న గది ఒకటి, పొడవాటి బల్ల ఒకటి మాకు ఇప్పించవలెను. టేపులు మేమే తెచ్చుకొంటాము.